కొలతల పుస్తకం

మా ఊళ్లో మూడిళ్లకో పైడితల్లి.
అమ్మోరి పేరెడితే పిల్ల బతుకుతాదని
మా అమ్మ మొక్కింది. అందరి అమ్మలూ మొక్కినారు.
పుట్టినరోజు మాత్రం బళ్లో మాస్టారిచ్చినారు:
జూలై ఒకటి.
ఆ యేడు సేరిన గుంటలందరం
రిజిస్టరు నిండా ఒక్క రోజే పుట్టినాం.

ఇంటర్‌లాక్ మిషను కోసం
మూడు లాంతర్ల కాడ బేంకుకి ఎల్లినాను.
కుర్రబాబు తెరకేసి సూసి
"నీ సిబిల్ బాగోలేదమ్మా" అన్నాడు,
ఎక్స్‌రే సూసిన డాక్టర్లాగ.
ఏటైంది బాబూ దానికి?
"బండి లోను. ఇరవై రెండు కిస్తీలు ఎగ్గొట్టేవు."
నాకు సైకిలైనా తొక్కడం రాదు.
నవ్వొచ్చింది. ఎనక వరసలో మా ఈది పాలాయన.
నవ్వాగిపోనాది.

డ్వాక్రా సంఘంలో పన్నెండేళ్లు
ఒక్క వాయిదా తప్పలేదు నాను.
మా గుంటడికి టైఫాయిడొచ్చిన నెల
సెవి కమ్మలు తాకట్టెట్టి కట్టినాను.
అదంతా ఆ కాయితంలో
ఓ మూల సీమంత అచ్చరాల్లో ఉన్నాది.
నాది కాని బండే పేజీ అంతా తిరుగుతున్నాది.

మా మరిది కూతురు దమయంతి ఫోన్లో అర్జీ ఎట్టింది.
ముప్పై రోజులన్నారు.
గేలెండరుకి రోజుకో గుండుసూది గుచ్చినాను.
జవాబొచ్చింది: సరిచూసితిమి, వివరములు సరియే.
ఎవుల్ని అడిగి సరిసూసినారు?
అప్పిచ్చినోడిని అడిగినారంట.
ఆడు నిజమే అన్నాడంట.
నా గురించి
నన్నెవులూ అడగలేదు.

ఆ కాయితంలోనే ఇంకో సిరునామా దొరికింది,
సీపురుపల్లి, రైలు గేటు ఎనకాల.
నెల్లిమర్ల మిల్లు దాటి, గరివిడి పొగగొట్టాలు దాటి,
బస్సులో కూకోని
తిట్లు వరసగా పేర్చుకున్నాను.
తలుపు తీసింది
రొంగలి పైడితల్లి, భర్త అప్పన్న, జూలై ఒకటి.
నాకన్నా జానెడు పొట్టి. సేతి నిండా సెనగపిండి.

"బండా? మా ఆయన నా సేత ఏలిముద్ర ఏయించినాడు.
పేక్టరీ ఆగిపోనాక ఆళ్లే ఒచ్చి అట్టుకుపోనారు.
అప్పింకా ఉన్నాదేటి?"

నాను మోసుకెల్లిన తిట్లు నోట్లోనే నానిపోనాయి.
బజ్జీ ఎట్టింది. తిన్నాను. ఉప్పెక్కువ.

ఆధార్ కార్డులు రెండూ సాప మీద పక్కపక్కనెట్టినాం.
పేరొకటే, తేదీ ఒకటే, మొగుడి పేరూ ఒకటే.
నెంబర్లు ఏరు. మొకాలు ఏరు.
ఇంత దగ్గరగా ఎవులూ సూడలేదు కామోసు.
"ఆ బండప్పు నాదేనని రాసిత్తాను" అన్నాది.
"నీకు మిషనొత్తే నాకో జాకెట్టు కుట్టియ్యి."
సంతకం ఈమజ్జినే నేర్చుకున్నాదంట.
'త' కాడ సెయ్యాగింది.
ఆగిన కాడ సిరా సుక్క.

నా కాడ కొలతల పుస్తకం ఉన్నాది.
ఓసారి ఈశ్వరమ్మ బుజం కొలత
సావిత్రి పేజీలో రాసీసినాను.
జాకెట్టు పట్టలేదు.
సావిత్రీ, నీ బుజమే తప్పని నానన్లేదు.
కుట్టు ఇప్పినాను. దారం కర్సు నాదే.

రెండో అర్జీ ఎల్లింది, ఆ కాయితంతో, రెండు కార్డులతో.
ఇయ్యాలకి గేలెండరులో పందొమ్మిది సూదులు.
బండి నా పేరు మీంచి దిగితే
ఎవుల పేరు మీద పూర్తిగా ఎక్కుతాదో
నాకు తెలుసు. సెనగపిండి సేతులు.
నిజమే రాసినాను. అయినా
రాత్రి మిషను తొక్కుతుంటే ఓ సూది
నా ఏలికే గుచ్చుకుంది.

ఆమె కొలతలు రాసుకున్నాను.
బుజం పద్నాలుగు, సెయ్యి తొమ్మిది.
పేరు పక్కన 'సీపురుపల్లి' అని
పెద్ద అచ్చరాలతో.
కింద రెండు గీతలు.